ఏనుగు కాసు

బళేపేటకు ఆ పేరు గాజుల వల్ల వచ్చిందని మన పత్రిక చదువరులకు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. తరతరాలుగా ఈ పేటలోనూ చుట్టుపక్కల పేటల్లోనూ కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలలో, కన్నడంలో ‘బళె’ అంటే గాజు అని తెలియనివారు వుండరు. అయితే ఈ వ్యాసం గాజులను గురించి కాదు. చివరికి గాజులుగా మారిపోయిన ఒక నాణెం గురించి. మూడువందల యేళ్ళు దాటిన ఇంగ్లీషు బంగారు నాణేలను లోకంలో కొందరు ఎందుకంత ప్రాణంగా వెతుకుతారో, అవి మన యిళ్ళకు ఎట్లా వస్తాయో, వచ్చినవి ఎట్లా పోతాయో, మాకు తెలిసినంత మట్టుకు చెప్పాలని మా కోరిక. మేము పండితులం కాము. ఎస్సెస్సెల్సీ చదివి ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవాళ్ళం. నాణేల సంగతి మా యింటి నష్టం వల్ల నేర్చుకున్నదే గాని చదువు వల్ల అబ్బింది కాదు.

మా అవ్వ మెడలో ఒక కాసులపేరు వుండేది. ఆమె కర్నూలు వైపు నుంచి ఈ పేటకు కోడలుగా వచ్చినప్పుడు పుట్టింటివారు పెట్టినది. అందులో చాలా భాగం జార్జి రాజు ముఖం వున్న సవరన్లు. మనవాళ్ళు ఎనిమిది గ్రాముల బంగారాన్ని ఈనాటికీ ‘ఒక కాసు’ అంటున్నారంటే అది ఆ సవరను తూకమే. 1918లో ఇంగ్లండు టంకసాలవారు బొంబాయిలో కూడా సవరన్లు కొట్టారు. కనుక మన దేశంలో వాటికి కరువు లేదు. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు అవ్వ తన పేరులోంచి రెండు కాసులు తీసి రక్షణనిధికి యిచ్చిందట. ఆ మరుసటి యేడే బంగారం కంట్రోలు వచ్చింది, పద్నాలుగు క్యారెట్లకు మించి కొత్త నగ చేయగూడదన్నారు. 1968లో దానికి చట్టమే చేశారు, 1990లో గాని అది రద్దు కాలేదు. ఆ రోజులన్నీ అవ్వ పేరు ట్రంకు పెట్టె అడుగునే గడిపింది. పండగలకు మాత్రం తీసి, పసుపు రాసిన దారం మార్చి, మళ్ళీ పెట్టేది.

ఆ పేరు నడుమ ఒక కాసు వుండేది. తక్కినవాటికంటె వెడల్పు, వాటికంటె పలచన. దానిమీది ముఖానికి భుజాలదాకా ఉంగరాల జుట్టు. అది విక్టోరియా రాణి చిన్నప్పటి బొమ్మ అని మా అత్తయ్య వాదం. అవ్వ ఒప్పుకొనేది కాదు. ఆ ముఖం కింద గోరులో సగమంత ఏనుగు వుండేది మరి! “ఏనుగుంది చూడవే! ఇది శ్రీరంగపట్నం కాసు, టిప్పు కాలం నాటిది” అనేది. టిప్పు కొట్టించిన రాగి నాణేలమీద ఏనుగు వుండే మాట నిజమే. అటువంటివి ఈ పేటల్లో పాతయిళ్ళవారు చూసే వుంటారు. అంచేత అవ్వ మాటే నెగ్గింది. యింట్లో దాని పేరు ఏనుగు కాసు.

1994 వేసవిలో అక్క పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు మంచివాళ్ళే. అయినా నాలుగు జతల గాజులు పెడతామని మన తరపున మాట యిచ్చేశాము. మా నాయన ఒక మండీలో లెక్కలు రాసేవారు. యిచ్చిన మాటకూ చేతిలోని బంగారానికీ కొన్ని గ్రాములు తక్కువ పడ్డాయి. అవ్వ అప్పటికి లేదు. నాయన కాసులపేరు విప్పించి, కాసులు రుమాలులో మూటగట్టుకుని కంసాలి ఆచారిగారి దగ్గరికి బయలుదేరారు. అప్పటికి మాకు పన్నెండేళ్ళు, వెంట వెళ్ళాము.

ఆచారిగారు కాసులకున్న కొంకులు కత్తిరించి ఒక్కొక్కటే తూచారు. ఏనుగు కాసు దగ్గర చెయ్యి ఆగింది. వెలుతురుకు పట్టి చూశారు. “అన్నా, ఇది వేరే రకంగా వుంది. దీన్ని వుంచుకోరాదా?” అన్నారు. నాయన కొంచెంసేపు ఏమీ అనలేదు. “వుంచుకుంటే గాజు తూకం ఎక్కడినించి తెమ్మంటావు ఆచారీ?” అన్నారు. ఆచారిగారు మళ్ళీ మాట్లాడలేదు. నాయన చొక్కా జేబులోని చిన్న లెక్కల పుస్తకం తీశారు. కాసును పలక మీద పెట్టి, పైన కాగితం పరచి, పెన్సిలు పక్కవాటుగా రుద్దారు. తిప్పి, రెండో వైపూ రుద్దారు. తర్వాత కాసు మూసలోకి వెళ్ళింది. ఊదుగొట్టం కింద బొగ్గులు ఎర్రబడడం, ముఖమూ ఏనుగూ కలిసి ఒక్క మెరిసే బొట్టు కావడం మేము చూశాము. పిల్లవాళ్ళకు అదంతా వేడుకే గదా!

నాయన 2011లో కాలం చేశారు. పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. ఆయన దస్తూరీలో యిట్లా వుంది: “సవరను 6 — ఒక్కొక్కటి 7 గ్రా. 930 మి. ఏనుగు కాసు 1 — కొంకి తీసి 8 గ్రా. 210 మి.” కింద రెండు పెన్సిలు గుండ్రాలు. మొదటిదానిలో కుడివైపు తిరిగిన ముఖం, తలకు ఆకుల దండ, మెడ కింద ఏనుగు. రెండోదానిలో నాలుగు డాళ్ళు నాలుగు దిక్కులకు, ఒక్కొక్క డాలుమీద ఒక కిరీటం, డాళ్ళ మధ్య రాజదండాలు. పైన కిరీటానికి ఒక పక్క 16 అని, మరోపక్క 7 అని అంకెలు, ఆ తర్వాతి అంకె అరిగిపోయింది. పదహారువందల డెబ్బై యెన్నో! టిప్పు పుట్టడానికి డెబ్బయి యేళ్ళ ముందుమాట.

అవెన్యూ రోడ్డు వైపు ఒక పెద్దమనిషి వున్నారు. నాణేలు పోగుచేయడం ఆయనకు యాభై యేళ్ళ వ్యసనం. పేరు రాయవద్దన్నారు గనుక రాయడం లేదు. పుస్తకం పట్టుకెళ్ళి చూపించాము. ఆయన భూతద్దం తీసి, స్కేలు పెట్టి కొలిచి, “ఇరవై అయిదు మిల్లీమీటర్ల పైన వుంది. సవరను ఇరవై రెండు” అన్నారు. తూకం చదివి తల పంకించారు. తర్వాత మెల్లగా, “రెండో చార్లెసు గినీ కావచ్చు. కాకపోనూ వచ్చు. నగలకోసం అచ్చు తీసిన నకళ్ళు మన దేశంలో చాలా వున్నాయి. కాగితం చూసి సాక్ష్యం చెప్పలేను. కాసు వుంటే చెప్పేవాణ్ణి” అన్నారు. ఆ చివరి మాట మాకు యిప్పటికీ గుచ్చుకుంటూనే వుంటుంది. అప్పటినుంచి సెలవురోజుల్లో ఆయన దగ్గర కూర్చుని విన్నవీ, ఆయన యిచ్చిన పుస్తకాలలో చదివినవీ యిక చెపుతాము.

ఇంగ్లండులో ఆ శతాబ్దం మొదట్లో బంగారు నాణేలను చేత్తోనే కొట్టేవారు. బంగారు రేకును గుండ్రంగా కత్తిరించి, దాగలిలో బిగించిన అచ్చుమీద పెట్టి, పైన మరో అచ్చు ఆనించి సమ్మెటతో ఒక్క దెబ్బ. దెబ్బ యెటు పడితే ముద్ర అటు. అందుకే ఒకదానికొకటి పోలిక వుండదు. స్కాట్లండు రాజైన జేమ్సు ఇంగ్లండుకూ రాజయ్యాక, రెండు రాజ్యాలూ ఏకమయ్యాయని చెప్పుకోవడానికి 1604లో కొట్టించిన యిరవై షిల్లింగుల బంగారు నాణేనికి ‘యునైట్’ అని పేరు. పది గ్రాముల ఎత్తు. రెండు దేశాలను ఒక్క జాతిగా చేస్తానన్న బైబిలు వాక్యం దానిమీద లాటినులో వుంటుంది. బంగారం ధర పెరిగి 1611లో దాని విలువను యిరవైరెండు షిల్లింగులు చేశారు. అది లెక్కలకు చిక్కు గనుక 1619లో మళ్ళీ యిరవైకి సరిపడే తేలిక నాణెం తెచ్చారు. దానిమీద రాజు కిరీటం తీసి రోమను చక్రవర్తిలాగా ఆకుల దండ పెట్టుకున్నాడు, అంచేత జనం దాన్ని ‘లారెల్’ అన్నారు.

జేమ్సు కొడుకు మొదటి చార్లెసు కాలానిది అసలు కథ. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. లండను టంకసాల పార్లమెంటువారి చేతిలో చిక్కింది. సైన్యానికి జీతాలివ్వాలి. ముందు ష్రూస్‌బరీలో, తర్వాత ఆక్స్‌ఫర్డులో తాత్కాలికంగా కొలుములు పెట్టించాడు. ఆక్స్‌ఫర్డు కాలేజీలవారి వెండి పాత్రలు కరిగి సిపాయిల జీతాలయ్యాయి. బంగారంతో అరవై షిల్లింగుల నాణెం కొట్టారు. మూడు యునైట్ల విలువ, యిరవై యేడు గ్రాముల ఎత్తు, అంటే మనకు మూడు కాసులపైన. ఇంగ్లండులో సమ్మెటతో కొట్టిన నాణేలలో అంతకంటె ఎక్కువ విలువగలది మరొకటి లేదు. దానిమీద రాజు ఒక చేత కత్తి, రెండో చేత ఆలివు కొమ్మ పట్టుకుని వుంటాడు. వెనకవైపు, ప్రొటెస్టెంటు మతాన్నీ ఇంగ్లండు చట్టాలనూ పార్లమెంటు స్వేచ్ఛనూ కాపాడతానని ప్రతిజ్ఞ. ఏ పార్లమెంటుతో యుద్ధం చేస్తున్నాడో దాని స్వేచ్ఛనే! 1644 తర్వాత అటువంటివి కొట్టలేదు. 1649లో ఆ రాజు తల తెగింది. ష్రూస్‌బరీలో కొట్టిన ఆ పెద్ద నాణెం సేకర్తలకు జీవితంలో ఒకసారి చూస్తే చాలు, చేతికి రావడం మాట దేవుడెరుగు.

రాజు పోయాక వచ్చిన ప్రభుత్వం నాణేలమీది లాటినును తీసేసి ఇంగ్లీషు పెట్టింది. ఒక వైపు ‘ఇంగ్లండు కామన్‌వెల్తు’, రెండో వైపు ‘దేవుడు మనతో’. దేవుడూ ప్రభుత్వమూ నాణేనికి చెరోపక్క వున్నారని రాజపక్షంవారు వేళాకోళం చేసేవారట. ఆ నాణేలమీద చిన్న గుర్తొకటి వుంటుంది, 1657 దాకా సూర్యుడు, 1658 నుంచి 1660 దాకా లంగరు. సూర్యుడు గుర్తుది కష్టపడితే దొరుకుతుంది. లంగరు గుర్తుది బహు అరుదు. తూకం అదే, బంగారం అదే, వన్నె అదే. పప్పుగింజంత గుర్తు మారితే విలువ యెన్నో రెట్లు మారుతుంది. మొదట మాకది పిచ్చిగా తోచింది. ఆఫీసులో ఒక్క సున్నా పక్కకు జరిగితే ఏమవుతుందో తలుచుకున్న తర్వాత అంత పిచ్చిగా తోచలేదు.

రెండో చార్లెసు తిరిగి రాజయ్యాక మర కొట్టుడు వచ్చింది. పీటర్ బ్లాండో అనే ఫ్రెంచివాడు యంత్రాలు నడిపించాడు. నాణెం అచ్చమైన గుండ్రం, అంచున గీతలు. గీతలు అందానికి కాదు. అంతకుముందు జనం బంగారు వెండి నాణేల అంచులు కత్తిరించి పోగుచేసుకునేవారు. అంచున గీతలుంటే కత్తిరించినది వెంటనే తెలిసిపోతుంది. 1668 నుంచి కొట్టిన అయిదు గినీల పెద్ద నాణేనికయితే అంచుచుట్టూ లాటిను అక్షరాలే చెక్కారు, ‘అలంకారమూ రక్షణా’ అని అర్థం. మన యిళ్ళలో నగ గురించి పెద్దవాళ్ళు చెప్పేది సరిగ్గా అదే గదా అని నవ్వుకున్నాము.

1663లో మొదలైన ఆ మర నాణేనికి జనం పెట్టిన పేరే గినీ. పశ్చిమాఫ్రికా గినీ తీరం నుంచి వచ్చిన బంగారం గనుక ఆ పేరు. ఇరవైరెండు క్యారెట్ల బంగారం, కొత్తది ఎనిమిది గ్రాముల 380 మిల్లీలు తూగుతుంది. మన పాత షరాబులు ఇరవైరెండు క్యారెట్లను గినీ బంగారం అనడం ఇందువల్లనే. ఇరవై షిల్లింగులుగా మొదలై, వెండి నాణేలు అరిగి పాడైన రోజుల్లో 1695 ప్రాంతాన ముప్ఫై షిల్లింగులదాకా యెగబాకి, మళ్ళీ దిగి, టంకసాల అధికారిగా వున్న ఐజాక్ న్యూటను లెక్కలు కట్టి నివేదిక యిచ్చిన మీదట 1717లో యిరవై ఒక్క షిల్లింగులుగా స్థిరపడింది. చెట్టునుంచి పడ్డ పండును చూసిన న్యూటనే! వెనకవైపు నాలుగు డాళ్ళు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, ఫ్రాన్సులవి. ఫ్రాన్సు వాళ్ళ చేతిలో లేదు. అయినా 1801 దాకా ఇంగ్లండు రాజులు ఫ్రాన్సుకు కూడా రాజులమని బిరుదులో రాసుకుంటూనే వున్నారు.

మరి ఏనుగు? బంగారం తెచ్చి టంకసాలకు యిచ్చిన ఆఫ్రికా కంపెనీ వారి గుర్తు అది. వాళ్ళ బంగారంతో కొట్టిన నాణేలమీద రాజు మెడ కింద ఏనుగునో, అంబారీవంటి కోట మోసే ఏనుగునో వేసేవారు. ఆ కంపెనీ 1660లో పుట్టింది, 1672లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ అయింది. వాళ్ళు తెచ్చింది బంగారమూ ఏనుగు దంతమూ మాత్రమే కాదు. వేలకు వేల ఆఫ్రికావారిని పట్టుకొని, ఒంటిమీద కాల్చి ముద్రవేసి, ఓడలకెక్కించి అవతలి ఒడ్డున అమ్మినదీ ఆ కంపెనీయే. నాణేనికి ముద్ర, మనిషికీ ముద్ర. పండగపూట అవ్వ పసుపు బొట్టు పెట్టిన ఆ ఏనుగు వెనక ఇంత వుందని తెలిసిననాడు రాత్రి మాకు అన్నం సహించలేదు.

ఈ నాణేలు ఇప్పుడు అరుదు ఎందుకయ్యాయని అడిగితే, ఆచారిగారి మూసే జవాబు. ఇంగ్లండులో కూడా అదే జరిగింది. సమ్మెటతో కొట్టిన పాత బంగారు నాణేలను 1733లో చెల్లుబాటు లేకుండా చేసి కరిగించారు. 1770 దశాబ్దిలో అరిగిన గినీలను పోగుచేసి మళ్ళీ కొట్టారు. 1817లో సవరను వచ్చింది. మిగిలినవి గోడసందుల్లోనో నేలకిందనో దాగినవి, లేదా యెవరో ఒకరు కరిగించబుద్ధికాక వుంచుకున్నవి. ఒక నాణెం కరిగితే బంగారం ఎక్కడికీ పోదు. పోయేది ఆ ముద్ర, ఆ సంవత్సరం. అంగట్లో వీటికి తరుగు కింద కూడా లెక్క లేదు.

ఇక వరహా సంగతి. ఇది మన తెలుగువారికి మరింత దగ్గరిది. తూర్పిండియా కుంపినీ 1611లోనే మచిలీపట్నంలో అంగడి పెట్టింది. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు చెన్నపట్నం నేల యిస్తూ, అక్కడ నాణెం కొట్టుకునే హక్కు కూడా యిచ్చాడు. మన బజారులో ఇంగ్లీషు రాజు ముఖం చెల్లదు. చెల్లేది వరహా. చంద్రగిరి వెంకటపతి రాయల కాలం నుంచి జనానికి తెలిసిన వేంకటేశ్వరస్వామి బొమ్మ వున్న వరహా. కనుక కుంపినీవారు తమ కోటలోని టంకసాలలో స్వామి బొమ్మతోనే కొట్టారు. ఒక రకంమీద స్వామి, ఇరువైపులా దేవేరులు. దాన్ని ‘మూడు స్వాముల వరహా’ అన్నారు. మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. రెండో వైపు అక్షరం లేదు, ముఖం లేదు, ఉత్త చుక్కలు. అప్పట్లో మైసూరులో కంఠీరవ నరసరాజ ఒడెయరు కొట్టించిన నరసింహస్వామి బంగారు పణాలు చెల్లేవి. అవి గోటిమీద నిలిచేంత చిన్నవి. ఇంగ్లీషువారి కుంపినీ పుట్టింది వ్యాపారానికి. బజారు ఏ స్వామిని నమ్మితే ఆ స్వామినే అచ్చువేసింది. 1818 దాకా చెన్నపట్నం లెక్కలు వరహాలలోనే నడిచాయి.

ఇక్కడ ఒక చిత్రం వుంది. 1657 తర్వాత కొన్నేళ్ళపాటు గినీ తీరపు కోటలు ఈ తూర్పిండియా కుంపినీ చేతిలోనే వున్నాయి. అప్పుడు గినీ బంగారాన్ని ఓడలలో నేరుగా చెన్నపట్నం తెచ్చి వరహాలు కొట్టేవారు. 1663 చట్టం ప్రకారం ఇంగ్లండు నుంచి ముద్దబంగారం, పరదేశపు నాణేలు ఎగుమతి చేయవచ్చు గాని ఇంగ్లీషు నాణెం దాటించగూడదు. కనుక ఒకే తీరపు బంగారం లండను చేరితే రాజు తల అయింది, చెన్నపట్నం చేరితే తిరుపతి స్వామి అయింది. ఇంగ్లీషు గినీలు మన దేశానికి వచ్చాయంటే యెవరో నావికుడి సంచిలోనో దొర జేబులోనో వచ్చి వుండాలి. మా అవ్వ పుట్టింటికి ఎట్లా చేరిందో చెప్పేవారు యిప్పుడు లేరు.

ఈ సంగతులు విన్న రోజున మాకొక ఆలోచన వచ్చింది. మా అమ్మ పూజ సంపుటంలో చిన్న బంగారు స్వామి వున్నాడు. చింతగింజకంటె కొంచెం పెద్దది, మందంగా, వంకరగా, ఒక వైపు ముగ్గురు, మరో వైపు చుక్కలు. అవ్వ దగ్గరనుంచి వచ్చినదే. 1994లో యింట్లోని బంగారమంతా తీసి తూచిననాడు కూడా దాన్ని తూకంలో వేయాలని యెవరికీ తోచలేదు. స్వామిని ఎవరు కరిగిస్తారు? అమ్మను ఒప్పించి, పట్టుగుడ్డలో చుట్టి, ఆ పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళాము. ఆయన చెప్పులు విప్పి వచ్చి తీసుకున్నారు. చాలాసేపు చూసి, “మూడు స్వాముల వరహా. నకలు కాదు. 17వ శతాబ్దం చివరినుంచి 18వ శతాబ్దం నడిమి వరకు కొట్టిన రకం. కుంపినీది అని నా మనసు చెపుతుంది. అయితే డచ్చివారూ మరికొందరూ కూడా ఇదే రకం కొట్టారు గనుక ఒట్టుపెట్టి చెప్పలేను” అన్నారు. అంటే మా యింట్లో మేము మైసూరుదనుకుని కరిగించినది ఇంగ్లీషుది కావచ్చు, మనదే అనుకుని పూజించినది కూడా ఇంగ్లీషు టంకసాలదే కావచ్చు!

ఆయన మాకు చేసిన హితవు మన చదువరులకు కూడా ఉపయోగపడుతుంది. పాత కాసు దొరికితే తోమవద్దు, మెరుగు పెట్టవద్దు. మూడు వందల యేళ్ళకు పట్టిన రంగు మూడు నిమిషాల్లో పోతుంది, అదిపోతే సేకర్తకు దానిమీద మనసు పోతుంది. కొంకికోసం టంకం పెట్టించవద్దు. టంకం పడ్డ నాణెం ఎంత అరుదైనదైనా నగ కిందనే లెక్క. కాసుకు తూకం, వెడల్పు రాసిపెట్టుకోవాలి, నాయనలాగా ముద్ర రుద్ది వుంచుకుంటే మరీ మంచిది. అనుమానముంటే గాలిలో ఒకసారి, దారానికి వేలాడదీసి నీళ్ళలో ఒకసారి తూచాలి. గాలి తూకాన్ని తేడాతో భాగిస్తే, ఇరవైరెండు క్యారెట్లదయితే పదిహేడున్నరకు అటూయిటూగా రావాలి. ఇత్తడికి తొమ్మిది కూడా రాదు. అయితే ఇది బంగారం మాటే చెపుతుంది, ముద్ర అసలుదో కాదో చెప్పదు. కొనదలచినవారు రసీదు లేకుండా కొనగూడదు. వంద యేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అమెరికాలోని అబ్బాయికి పంపుదామంటే కుదరదు. నేలలో దొరికినదయితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం వుంది. గుమాస్తా జీతంలో గినీలు కొనగలమా అంటే కొనలేము. మ్యూజియంలో అద్దం అవతలనుంచి చూడడానికి మాత్రం జీతంతో పనిలేదు. చెన్నైకి వెళ్ళినప్పుడు ఎగ్మూరు మ్యూజియం నాణేల భాగం తప్పక చూస్తాము.

అక్కకు ఈ కథంతా చెప్పాము. చెప్పకుండా వుంటే బాగుండేదేమోనని మధ్యలో అనిపించింది. ఆమె చేతికి వున్న గాజులు తిప్పుకుంటూ విన్నది. ఆ గాజులు రెండుసార్లు తాకట్టుకు వెళ్ళి వచ్చాయి, ఒకసారి బావగారి ఆపరేషనుకు, ఒకసారి మా యిల్లు అతుకు వేయడానికి. “ఏనుగు ఏ గాజులో వుందిరా తమ్ముడూ?” అని అడిగింది. నాలుగు జతలలోనూ వుందన్నాము. “అయితే నాయన ముందే చెప్పి వుండాల్సింది, నేను రెండు జతలతో వెళ్ళేదాన్ని” అన్నది. నాయన లెక్కల పుస్తకం ఆమే తీసుకుంది. ఆ పెన్సిలు గుండ్రాలు చెరిగిపోకుండా పైన పలచని కాగితం అంటించి దాచింది.

వరహా మళ్ళీ సంపుటంలోకి చేరింది. ప్రతి శుక్రవారం అమ్మ చింతపండుతో తోమి అభిషేకం చేస్తుంది. ముగ్గురు స్వాముల ముఖాలూ యిప్పటికే అరిగి నున్నగా వున్నాయి. తోమవద్దని పెద్దమనిషి చెప్పిన మాట అమ్మకు చెప్పాము. “స్వామికి స్నానం చేయించవద్దంటావట్రా?” అన్నది. నెలరోజుల వాదన తర్వాత యిప్పుడు ఉత్త నీళ్ళు, మెత్తని గుడ్డ. చింతపండు మానింది. కుంకుమ మాత్రం మానలేదు.